పాడైన కారు ఇంజిన్ స్థానంలో వాడిన ఇంజిన్: ఎంపిక నుంచి ఆర్సీలో నంబరు మార్పు వరకు

నీళ్లు నిలిచిన రోడ్డు మీద డీజిల్ కారు ఆగిపోగానే చాలామంది మళ్లీ తాళం తిప్పుతారు. గాలి పీల్చే గొట్టం గుండా సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే, ఇంజిన్ ప్రాణం తీసేది ఆ తాళమే. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీటిని నొక్కలేదు. పైకి వస్తున్న పిస్టన్‌కు నీరు అడ్డం పడితే దాన్ని కింద తిరిగే క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడే నీరు చేరితే రాడ్ విరిగి, సిలిండర్లు ఉండే బ్లాకుకు చిల్లు పెడుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్నో కార్లు ఇలాగే షెడ్లకు చేరాయి.

నీరు ఒక్కటే కారణం కాదు. ఆయిల్ అడుగంటి బేరింగులు పట్టేయడం, కూలెంట్ కారిపోయిన సంగతి గమనించకుండా నడిపి, సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్డు వంగడం, టైమింగ్ చైన్ జారి వాల్వులు పిస్టన్లకు తగలడం కూడా ఇంజిన్ మార్పు దాకా తీసుకొస్తాయి.

ఈ మార్గదర్శికి ఉదాహరణగా 1,248 సీసీ డీజిల్ ఇంజిన్ ఉన్న మారుతి స్విఫ్ట్, డిజైర్ కార్లను తీసుకుంటున్నాను. ఫియట్ రూపొందించిన ఈ 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజిన్‌ను మారుతి డీడీఐఎస్ పేరుతో, టాటా క్వాడ్రాజెట్ పేరుతో అమ్మేవి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లను ఆపేసింది. కాబట్టి ఈ ఇంజిన్ ఉన్న మారుతి కారు ఏదైనా ఇప్పుడు పాతదే. కొత్త ఇంజిన్ ధర కారు విలువతో పోటీపడే దశకు చాలా బళ్లు వచ్చేశాయి. వాడిన ఇంజిన్ గురించి ఆలోచించడం న్యాయమే. వేరే కారు ఉన్నవారికి కొలతలు, బోల్టుల బిగువు మారతాయి తప్ప పద్ధతి ఇదే.

ఒక మాట ముందుగానే చెబుతాను. ఈ పనిలో డబ్బు నష్టపోయినవారిలో ఎక్కువమంది బిగింపు దగ్గర నష్టపోలేదు. కొనే ముందు సరిగా చూడక కొందరు, పాత ఇంజిన్ ఎందుకు పోయిందో తేల్చుకోక మరికొందరు నష్టపోయారు. మొదటి ఇంజిన్‌ను చంపిన కారణం కారులోనే ఉండిపోతే రెండోదాన్ని కూడా చంపుతుంది. అందుకే ఇక్కడ స్పానర్ పట్టే అధ్యాయం కంటే దానికి ముందున్న అధ్యాయాలే పెద్దవి.

మొదటి మెట్టు: పాత ఇంజిన్ నిజంగా పోయిందా?

"ఇంజిన్ పోయింది సార్, మార్చేయాలి" అనే మాట విన్న వెంటనే ఒప్పుకోవద్దు. నీరు తాగిన ఇంజిన్ అయితే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. ఫిల్టర్ పొడిగా ఉంటే సిలిండర్లలోకి నీరు వెళ్లి ఉండకపోవచ్చు. తడిసి ముద్దయి ఉంటే ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మేవి) లేదా గ్లో ప్లగ్గులు (చల్లటి సిలిండర్‌ను వేడిచేసేవి) తీయించి, క్రాంకు పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి ఇంజిన్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పించండి. నీరుంటే ఆ రంధ్రాల్లోంచి బయటికి వస్తుంది. పాత గ్లో ప్లగ్గులు బలవంతం చేస్తే హెడ్డులోనే విరుగుతాయి. తుప్పు వదిలించే నూనె వేసి ఓ పూట ఆగడం మేలు.

నీరు పోయాక చూడాల్సింది రాడ్ల నిడివి. ఇంజెక్టర్ రంధ్రం గుండా సన్నటి నిటారు కడ్డీని దించి, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు కడ్డీ మీద గుర్తు పెట్టండి. నాలుగు సిలిండర్లకూ ఇలాగే చేయండి. నాలుగు గుర్తులూ ఒకే చోట పడితే రాడ్లు బాగున్నాయని ఆశపడవచ్చు. ఒక గుర్తు తేడాగా పడితే ఆ పిస్టన్ పైదాకా రావడం లేదు, అంటే దాని రాడ్ వంగింది. పెద్ద పనిముట్లేవీ అక్కరలేని ఈ పరీక్షను మీ కళ్లముందే చేయమని అడగండి. ఆ తర్వాత కంప్రెషన్ గేజీతో కొలిపించండి.

ఒక రాడ్ వంగి, బ్లాకు, క్రాంకు బాగుంటే మరమ్మతే సరైన దారి కావచ్చు. ఈ ఇంజిన్ బ్లాకు పోత ఇనుముది, బోరు వేయించుకోవచ్చు. హెడ్డు ఒక్కటే వంగితే హెడ్డు పని చేయిస్తే సరిపోతుంది. బ్లాకుకు చిల్లు పడినా, క్రాంకు జర్నల్స్ (బేరింగుల్లో తిరిగే భాగాలు) గీరుకుపోయి కొలతకు రాకపోయినా, మరమ్మతు లెక్క మంచి వాడిన ఇంజిన్ ధరను దాటినా అప్పుడు మార్పు గురించి ఆలోచించండి. లెక్క వేసేటప్పుడు ఇంజిన్ ధర ఒక్కటే వేస్తే మోసపోతారు. క్లచ్ సెట్, సీళ్లు, చైన్ కిట్, వాటర్ పంప్, ఆయిళ్లు, కూలెంట్, కూలి, రవాణా, కాగితాల ఖర్చు అన్నీ కలపాలి.

బీమా సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. మామూలు సమగ్ర పాలసీలో, నీట ఆగిన కారును మళ్లీ స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్‌కు జరిగిన నష్టాన్ని కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు. ఇంజిన్ రక్షణ పేరుతో అదనపు కవర్ తీసుకుని ఉంటే, సర్వేయర్ వచ్చి చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పించకండి.

రెండో మెట్టు: ఏ ఇంజిన్ సరిపోతుంది

"అదే 1.3 ఇంజిన్ సార్, అన్నీ ఒకటే" అని అమ్మేవారు అంటారు. ఒకటే కాదు. స్విఫ్ట్, డిజైర్‌లలో వచ్చింది 75 పీఎస్ రకం, దాని టర్బోలో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే భాగం) రెక్కల కోణం మారదు. ఎస్ఎక్స్4, మొదటి తరం ఎర్టిగా, సియాజ్‌లలో వచ్చింది 90 పీఎస్ రకం, దాని టర్బోలో రెక్కల కోణం మారుతుంది, కంట్రోల్ యూనిట్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) వేరు. టాటా విస్టా, ఫియట్ పుంటోలలోని ఇంజిన్ ఇదే కుటుంబానిదైనా వైరింగు, మౌంటింగు బ్రాకెట్లు, చుట్టూ అమర్చే భాగాలు వేరు. వాటిని కలపడం తెలిసిన మెకానిక్కులు ఉన్నారు. అయినా నా సలహా మాత్రం అదే మోడల్, అదే పవర్ రకం, వీలైనంత దగ్గరి తయారీ సంవత్సరం చూసుకోమనే.

కాలుష్య నిబంధన కూడా కలవాలి. హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్-4 నిబంధన 2010లో వచ్చింది, దేశమంతటా తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి ఒకే ఏడాది తయారైన రెండు స్విఫ్ట్‌లలో ఒకటి బీఎస్-3, మరొకటి బీఎస్-4 అయ్యే అవకాశం ఉంది. మీ ఆర్సీలో ఏముందో చూసి, దాత కారు (ఆ ఇంజిన్ వచ్చిన కారు) ఆర్సీతో పోల్చండి. బీఎస్-4 కారులో బీఎస్-3 ఇంజిన్ పెట్టించడానికి ఒప్పుకోవద్దు. రేపు రవాణా శాఖ దగ్గర అభ్యంతరం వస్తుంది, సెన్సర్లు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) కూడా కలవవు.

కొనేటప్పుడు మరో ఎంపిక ఉంటుంది: ఫుల్ ఇంజిన్ లేదా హాఫ్ ఇంజిన్. హాఫ్ ఇంజిన్ అంటే బ్లాకు, క్రాంకు, పిస్టన్లు. మీ హెడ్డు, ఇంజెక్టర్లు, టర్బో బాగున్నాయని నిర్ధారణ అయితే హాఫ్ చవకగా పడుతుంది. కానీ హెడ్డు విప్పి బిగించాలి, కొత్త గ్యాస్కెట్, కొత్త హెడ్డు బోల్టులు కావాలి. నీరు తాగిన ఇంజిన్ హెడ్డును నమ్మడం కష్టం, అలాంటప్పుడు ఫుల్ ఇంజిన్ మేలు. గేర్‌బాక్సు మాత్రం బాగుంటే మీదే ఉంచుకోండి.

మూడో మెట్టు: ఎక్కడ కొనాలి, ఏ కాగితం అడగాలి

విజయవాడ జవహర్ ఆటోనగర్, చెన్నై పుదుప్పేట, ఢిల్లీ మాయాపురి వాడిన విడిభాగాలకు పేరుపడ్డ చోట్లు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రాలు 2021 నిబంధనలతో మొదలయ్యాయి. వాటి నుంచి వచ్చిన భాగానికి వెనక ఏ కారు ఉందో కాగితం ఉంటుంది.

ఆ కాగితం ఎందుకంత ముఖ్యమో మీరట్ చెబుతుంది. అక్కడి సోతిగంజ్ విడిభాగాల బజారు దొంగ కార్లను విప్పి అమ్మడానికి పేరు మోసింది. 2021 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ పోలీసులు దాన్ని మూయించారు. అలాంటి చోట విప్పిన ఇంజిన్ ఎన్ని చేతులు మారి ఏ ఊరికైనా చేరవచ్చు. దాని నంబరు ఏదో పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదులో ఉంటే మీరు దొంగ సొత్తు కొన్నట్టే.

అందుకే ఇంజిన్ చూడకముందే అమ్మేవారిని అడగాల్సినవి ఇవి. దాత కారు రిజిస్ట్రేషన్ నంబరు, ఆర్సీ నకలు, అది ప్రమాదంలో పోయిందా, తుక్కుగా వచ్చిందా అనే వివరం, ఇంజిన్ నంబరు. ఇంజిన్ నంబరు బ్లాకు మీద చెక్కి ఉంటుంది. ఆర్సీ నకలుతో అక్షరం అక్షరం పోల్చి చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్ సేవలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఇచ్చి, అది దొంగిలించిన వాహనాల జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు, ఫలితాన్ని కాగితంగా తీసుకోవచ్చు. ఈ పని అడ్వాన్సు ఇవ్వకముందే చేయండి.

నంబరు ఉన్న చోట లోహం అరగదీసినట్టు నున్నగా ఉన్నా, అక్షరాలు వంకరటింకరగా ఉన్నా వదిలేసి వచ్చేయండి. కొన్ని షెడ్లలో "మీ పాత నంబరే దీని మీద పంచ్ చేసిస్తాం, ఆర్సీ మార్చే పని తప్పుతుంది" అని కూడా అంటారు. అది నేరం, అందులో మీరూ భాగస్వాములవుతారు. నంబరు కొట్టినప్పుడు దాని కింద లోహం లోతు వరకు నొక్కుకుపోతుంది. పైన అరగదీసినా ఫోరెన్సిక్ ప్రయోగశాలలో రసాయనం పూసి పాత అంకెల్ని చాలాసార్లు మళ్లీ చదవగలరు.

బిల్లులో అమ్మినవారి జీఎస్టీ నంబరు, ఇంజిన్ నంబరు, దాత కారు నంబరు, ధర, హామీ గడువు రాయించుకోండి. హామీ అంటే ఏమిటో కూడా రాతలోనే ఉండాలి. పొగ, ఆయిల్ తాగడం, బేరింగు చప్పుడు వస్తే ఇంజిన్ మార్చి ఇస్తారా, డబ్బు వాపసు ఇస్తారా, బిగింపు కూలి ఎవరిది? "స్టార్టింగ్ గ్యారంటీ" అనే మాటకు అర్థం స్టార్ట్ అవుతుందని మాత్రమే.

నాలుగో మెట్టు: నేల మీద ఉన్న ఇంజిన్‌ను చూడడం

దాత కారు ఇంకా విప్పకుండా ఉంటే అదృష్టం. ఉదయం, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం, మరో రోజు రండి. చల్లటి ఇంజిన్ మొదటి క్షణాల్లో చేసే చప్పుడే నిజం చెబుతుంది. ముందు వైపు నుంచి గొలుసు ఈడ్చినట్టు చప్పుడు వచ్చి ఆగకపోతే చైన్, టెన్షనర్ అరిగాయి. అది మార్చుకోవచ్చు. లోపల నుంచి బరువైన దెబ్బల చప్పుడు వస్తే బేరింగులు పోయాయి, ఆ ఇంజిన్ వద్దు. ఆయిల్ మూత తీసి దాని మీద బోర్లించండి. మూత ఆవిరికి కాస్త కదిలితే ఫర్వాలేదు. ఎగిరి పడుతూ పొగ గుప్పుమంటే రింగులు అరిగాయి.

చాలాసార్లు ఇంజిన్ గోడౌన్‌లో టైరు మీద కూర్చుని ఉంటుంది. అప్పుడూ చూడగలిగేది చాలా ఉంది. తొందర పెడితే లొంగవద్దు.

మొదట నీటి జాడ వెతకండి. నీట మునిగి బీమా కంపెనీలు వదిలేసుకున్న కార్లు విప్పే షెడ్లకే చేరతాయి. 2015 డిసెంబరు చెన్నై వరదల తర్వాతా అంతే, మన నగరాల వరదల తర్వాతా అంతే. నీటి వల్ల ఇంజిన్ పోగొట్టుకుని, నీట మునిగిన మరో ఇంజిన్‌ను డబ్బిచ్చి తెచ్చుకోవడం కంటే బాధ ఏముంటుంది? వైర్ల సాకెట్లు ఊడదీసి లోపల చూడండి, ఒండ్రు అక్కడ పౌడరులా మిగిలిపోతుంది, ఎంత కడిగినా పోదు. ఆల్టర్నేటర్ రాగి చుట్ల మధ్య మట్టి, అల్యూమినియం భాగాల మీద తెల్లటి పొడి, బ్రాకెట్ల సందుల్లో ఒకే ఎత్తులో చార, ఇవన్నీ గుర్తులే. ఇంజిన్ బయట మరీ మెరిసిపోతుంటే అనుమానం పెరగాలి. దుమ్ము, పాత జిడ్డు ఉన్న ఇంజిన్ మీద కారుతున్న చోటు కనబడుతుంది. ప్రెషర్ వాష్ చేసినదాని మీద ఏమీ కనబడదు.

తర్వాత క్రాంకు పుల్లీ బోల్టుకు స్పానర్ పెట్టి ఇంజిన్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పండి. నాలుగు సిలిండర్లు ఉన్న ఈ ఇంజిన్‌లో ప్రతి అర చుట్టుకు ఒకసారి బిగువు వచ్చి వదలాలి, నాలుగు బిగువులూ ఒకేలా ఉండాలి. ఒకచోట లోహం లోహానికి తగిలినట్టు ఆగితే అక్కడితో వదిలేయండి. పుల్లీని పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూడండి. చేతికి స్పష్టంగా తెలిసేంత కదిలితే థ్రస్ట్ బేరింగు అరిగింది.

ఆయిల్ డ్రెయిన్ బోల్టు విప్పి తెల్లటి గుడ్డ మీద కొంచెం పట్టండి. డీజిల్ ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉండడం సహజం. మట్టిరంగు నురగలా ఉంటే నీరు కలిసింది. గుడ్డను ఎండలో అటూ ఇటూ వంచితే మెరిసే రేణువులు కనిపిస్తాయా చూడండి. అయస్కాంతానికి అంటుకునేవి ఇనుము, అంటుకోకుండా మెరిసేవి బేరింగు పొర. ఆయిల్ ఫిల్టర్ విప్పి దాని కాగితం మడతలు విడదీసి చూస్తే ఇంకా నిక్కమైన సాక్ష్యం దొరుకుతుంది. అమ్మేవారు ఒప్పుకుంటే ఆయిల్ చాంబర్ దించి చూడండి. స్ట్రెయినర్ జాలికి తారులాంటి మడ్డి పట్టి ఉంటే ఆ కారుకు వేళకు ఆయిల్ మార్చలేదు. ఈ ఇంజిన్‌లో చైన్ టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. మడ్డి పట్టిన ఇంజిన్‌లో చైన్ కూడా ఎక్కువ అరిగి ఉంటుంది.

టర్బో గొట్టం తీసి చక్రాన్ని వేలితో తిప్పండి. పక్కలకు కొద్దిగా కదలడం సహజం, కేసింగుకు తగిలేంత కదలకూడదు. ముందుకూ వెనక్కూ అసలు కదలకూడదు. గ్లో ప్లగ్గు రంధ్రం గుండా ఫోనుకు తగిలించే చిన్న కెమెరా దించితే సిలిండర్ గోడ కనబడుతుంది. అడ్డంగా వాలిన సన్నటి గీతలు ఫ్యాక్టరీవి, అవి కనబడితే సంతోషించండి. నిలువు గీతలు గోరుకు తగిలేంత లోతుగా కనిపిస్తే వద్దు. గేర్‌బాక్సు, సెల్ఫ్ మోటారు బిగించే ఉంటే బ్యాటరీ తెచ్చి కంప్రెషన్ కొలిపించండి. సర్వీస్ మాన్యువల్‌లోని అంకెకు దగ్గరగా ఉండాలి. అంతకంటే ముఖ్యం, నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి.

ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న మాటకు నేను పెద్ద విలువ ఇవ్వను. మీటరు వెనక్కి తిప్పడం తేలిక, ఆయిల్ జాలికి పట్టిన మడ్డిని దాచడం తేలిక కాదు.

ఐదో మెట్టు: పాతది దించడం

ఇది ఇంట్లో స్టాండు మీద చేసే పని కాదు. గేర్‌బాక్సు కాకుండా ఇంజిన్ ఒక్కటే సుమారు 130 కిలోల బరువు ఉంటుంది. హాయిస్టు, గట్టి నేల, అనుభవం ఉన్న మరో మనిషి కావాలి. మీరు మెకానిక్కుకు అప్పగించినా ఈ వరుస తెలిసి ఉంటే ఎక్కడ తొందరపడుతున్నారో గుర్తించగలరు.

బ్యాటరీ తీసి కాసేపు ఆగండి. కూలెంట్, గేర్ ఆయిల్ దించండి. ఏసీ గ్యాసును గాలిలోకి వదిలేయనక్కర లేదు, వదలకూడదు కూడా. కంప్రెసర్‌ను బోల్టులు విప్పి, గొట్టాలు అలాగే ఉంచి, పక్కకు కట్టేస్తే చాలు. ఇంజెక్టర్లకు డీజిల్ అందించే కామన్ రెయిల్ గొట్టాల్లో ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఒత్తిడి వెయ్యి బార్లు కూడా దాటవచ్చు. ఇంజిన్ ఆపి ఒత్తిడి పూర్తిగా తగ్గాకే వాటిని విప్పాలి, విప్పిన ప్రతి మూతినీ శుభ్రమైన టోపీతో మూయాలి. ఇసుక రేణువు ఒక్కటి వెళ్లినా ఇంజెక్టర్ పోతుంది.

ప్రతి కనెక్టర్‌కూ కాగితం టేపు మీద నంబరు రాసి అంటించండి, ఊడదీయక ముందు ఫొటో తీయండి. బోల్టులను ఏ భాగానివి ఆ సంచిలో వేయండి. డ్రైవ్ షాఫ్టులు, గేర్ తీగలు, సైలెన్సర్ గొట్టం విడదీశాక హాయిస్టు గొలుసుతో బరువును కాస్త పైకి తీసుకుని, అప్పుడు మౌంటింగులు విప్పాలి. గొలుసు కింద, ఇంజిన్ కింద ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

దించాక ఇంజిన్ గదిని కడిగించండి. ఇక మొదటి ఇంజిన్ చావుకు కారణం వెతికే సమయం వచ్చింది. వేడెక్కి పోయినదైతే రేడియేటర్ నీటిదారి మూసుకుపోయిందా, ఫ్యాన్ తిరుగుతోందా, రిజర్వాయర్ మూత ఒత్తిడి పడుతోందా చూడాలి. రేడియేటర్ అనుమానంగా ఉంటే కొత్తది వేయించండి. నీరు తాగినదైతే ఇంటర్‌కూలర్‌లో, గొట్టాల్లో నీరు నిలిచి ఉంటుంది. బేరింగులు లేదా టర్బో ముక్కలైనదైతే ఇంటర్‌కూలర్‌లో ఆయిల్, లోహపు తుంపులు ఉంటాయి. ఇంటర్‌కూలర్ ఊడదీసి, డీజిల్‌తో కడిగి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. ఆ పని మరిచిపోతే కొత్తగా వచ్చిన ఇంజిన్ మొదటి పరుగులోనే ఆ నీటినో లోహాన్నో పీల్చుకుంటుంది.

ఆరో మెట్టు: ఎక్కించక ముందు మార్చాల్సినవి

ఇంజిన్ కారులోకి వెళ్లాక చేతికి అందని భాగాలు కొన్ని ఉంటాయి. వాటిని ఇప్పుడే, బయట ఉన్నప్పుడే మార్చాలి. క్రాంకు వెనక ఆయిల్ సీలు, ముందు సీలు, టైమింగ్ చైన్ కిట్, వాటర్ పంప్, థర్మోస్టాట్, బెల్టు, గ్లో ప్లగ్గులు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు ఎంత బాగున్నా కొత్తవి వేయండి. రేపు క్లచ్ కోసం మళ్లీ గేర్‌బాక్సు దించే కూలితో పోలిస్తే ఈ ఖర్చు తక్కువ. చైన్ మార్చేటప్పుడు టైమింగ్ గుర్తులను లాకింగ్ పనిముట్లతోనే కలపాలి. పెయింటు చుక్కలు పెట్టి అంచనాతో కలిపే మెకానిక్కును ఆపండి.

మీ కారు కంట్రోల్ యూనిట్‌నే వాడండి. దాత కారుది పెడితే తాళంలోని ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే ఏర్పాటు) కోడు కలవక స్టార్ట్ కాదు. దాత ఇంజిన్ ఇంజెక్టర్లను వాడుతుంటే వాటి తల మీద ముద్రించిన కోడును ఫొటో తీసుకోండి. బిగించాక స్కానర్‌తో మీ కంట్రోల్ యూనిట్‌లో ఆ కోడు ఎక్కించాలి. ఇంజెక్టర్లను ముందే పరీక్ష బెంచి మీద చూపించడం నా దృష్టిలో తప్పనిసరి. కారుతున్న ఇంజెక్టర్ పిస్టన్‌నే కరిగించగలదు.

ఏడో మెట్టు: ఎక్కించడం

విప్పిన వరుసను తిరగేస్తే బిగింపు వరుస వస్తుంది, కాబట్టి పొరపాట్లు జరిగే చోట్లే చెబుతాను. ఇంజిన్‌ను గేర్‌బాక్సుతో కలిపేటప్పుడు క్లచ్ ప్లేటు మధ్యలో ఉండాలి, దానికి అమరిక కడ్డీ వాడాలి. రెండింటి మధ్య సందు మిగిలి ఉండగా బోల్టులు బిగించి దగ్గరికి లాగితే గేర్‌బాక్సు కేసింగు పగులుతుంది. చేత్తో తోస్తేనే కలిసిపోవాలి. మౌంటింగు బోల్టులను ముందు వదులుగా పెట్టి, బరువంతా వాటి మీద కుదురుకున్నాక చివరి బిగువు ఇవ్వాలి. లేకపోతే స్టీరింగు దాకా అదురు తెలుస్తుంది. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్తు తీగను శుభ్రం చేసి బిగించండి. దాన్ని మరిచిపోతే వింత వింత ఎలక్ట్రికల్ లోపాలు కనిపిస్తాయి. విప్పిన ఇంజెక్టర్ గొట్టాల స్థానంలో కొత్తవి వేస్తే లీకు భయం ఉండదు. టార్క్ రెంచ్ లేని షెడ్డులో ఈ పని చేయించకండి.

ఎనిమిదో మెట్టు: మొదటి స్టార్టు

కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, కూలెంట్ నింపి, గాలి తీయండి. నేరుగా స్టార్ట్ చేయొద్దు. ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీసి, సెల్ఫ్‌తో ఓ పది సెకన్లు తిప్పి, కాసేపు ఆపి, మళ్లీ తిప్పండి. డాష్‌బోర్డు మీద ఆయిల్ దీపం ఆరేదాకా ఇలా చేస్తే, ఎన్నాళ్లో ఎండిపోయి ఉన్న బేరింగులకు, టర్బోకు ముందుగా ఆయిల్ అందుతుంది. తర్వాత కనెక్టర్లు పెట్టి, డీజిల్ లైన్‌లో గాలి తీసి స్టార్ట్ చేయండి. గాలి తీయడానికి, నడుస్తున్న ఇంజిన్‌లో ఇంజెక్టర్ గొట్టాలు వదులు చేసే పాత అలవాటు కామన్ రెయిల్ ఇంజిన్ల దగ్గర ప్రాణాంతకం. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

స్టార్ట్ అయ్యాక రేస్ చేయకుండా ఐడిల్‌లో వదిలి, టార్చితో కింద, వెనక లీకులు చూడండి. ఫ్యాన్ తనంతట తాను తిరిగేదాకా వేడెక్కనిచ్చి, హీటర్ వేడిగాలి ఇస్తోందో లేదో చూడండి. ఇవ్వకపోతే కూలెంట్‌లో ఇంకా గాలి ఉంది. చల్లారాక కూలెంట్, ఆయిల్ మట్టాలు సరిచేసి, స్కానర్‌తో పాత కోడ్లు చెరిపి, కొద్ది దూరం నడిపి కొత్తవి వచ్చాయేమో చూడండి. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకుండా వస్తే కూలెంట్ గానీ, మండని డీజిల్ గానీ. గుర్తులు కనబడితే హామీ గడువులోనే అమ్మినవారి దగ్గరికి వెళ్లాలి, కాబట్టి మొదటి వారం కారును ఇంట్లో పెట్టకుండా రోజూ నడపండి.

500 కిలోమీటర్ల లోపే ఆయిల్, ఫిల్టర్ ఒకసారి మార్చేయండి. లోపల పేరుకున్న మడ్డి కొత్త ఆయిల్‌కు వదిలి బయటికి వస్తుంది. ఆ పాత ఫిల్టర్‌ను కోసి చూడండి. అందులో లోహం లేకపోతే అప్పుడు దూర ప్రయాణం పెట్టుకోండి.

తొమ్మిదో మెట్టు: ఆర్సీ, బీమా, పాత బ్లాకు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజిన్ మార్చిన సంగతిని 14 రోజుల్లోగా మీ ప్రాంత రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. నా మాట వింటే, ఇంజిన్ కొనకముందే రవాణా కార్యాలయానికి వెళ్లి ఏయే కాగితాలు కావాలో అడిగి రాయించుకోండి. ముందుగా అనుమతి తీసుకోమంటే తీసుకోండి. మామూలుగా అడిగేవి ఆర్సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇంజిన్ బిల్లు, దాత కారు వివరాలు, అది దొంగ వాహనం కాదన్న కాగితం. కారు మీద అప్పు ఉంటే బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ సమ్మతి పత్రం కూడా. మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టర్ కారును చూసి, బ్లాకు మీది నంబరును పెన్సిల్ ముద్రతో సరిపోల్చుకుంటారు. ఎక్కించక ముందే ఆ నంబరు మీది జిడ్డు తుడిచి రెండు మూడు పెన్సిల్ ముద్రలు తీసి పెట్టుకోండి. ఇంజిన్ కారులోకి వెళ్లాక ఆ చోటు సరిగా అందదు. హెడ్డు మాత్రమే మార్చినవారికి ఈ గొడవ లేదు, నంబరు బ్లాకు మీదే ఉంటుంది కాబట్టి.

నంబరు మార్చకుండా తిరిగితే ఏమవుతుంది? చట్టం ఒప్పుకోని మార్పులు చేసిన యజమానికి 182ఏ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ప్రమాదం జరిగిన రోజున కనిపిస్తుంది. పాలసీలో ఒక ఇంజిన్ నంబరు, కారులో మరొకటి ఉంటే క్లెయిము దగ్గర కంపెనీకి అభ్యంతరం దొరికినట్టే. కొత్త ఆర్సీ రాగానే దాని నకలు బీమా కంపెనీకి పంపి, పాలసీలో నంబరు మార్పించుకుని ఎండార్స్‌మెంటు తీసుకోండి. కారు అమ్మేటప్పుడు కూడా ఆ కాగితమే కొనేవారి అనుమానం తీరుస్తుంది.

ఇక షెడ్డులో మిగిలిన పాత ఇంజిన్. దాన్ని మెకానిక్కుకు ఊరికే వదిలేసి రాకండి. క్రాంకు, హెడ్డు, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటారుకు ధర పలుకుతుంది, కొత్త ఖర్చులో కొంత తిరిగొస్తుంది. బ్లాకు మీద మాత్రం మీ పేరుతో నమోదైన నంబరు ఉంది. ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో ఆ నంబరుతో సహా రాసి, వారి సంతకం తీసుకుని, రవాణా శాఖ కాగితాలతో కలిపి దాచండి. చిల్లు పడిన బ్లాకు అయితే నంబరు ఉన్న భాగాన్ని ఫొటో తీశాక, గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికే ఇచ్చి రసీదు తీసుకోండి.